ఏడో ట్యూబు కొన

"రేపు పదకొండింటికి కమిటీవాళ్లు నన్ను దొంగ అని రాసి బయటికి గెంటేస్తారు మేడమ్," అంది ఆ పరిశోధక విద్యార్థిని, కుర్చీలో కూర్చోకుండానే.

డిటెక్టివ్ కళ్లజోడు పైకి తోసుకుంది. "ముందు కూర్చో. ఏం దొంగిలించావు?"

"ఏమీ లేదు. అంకె కల్పించానంటున్నారు. ఐదేళ్ల చదువు మేడమ్!"

అసిస్టెంటు నోట్‌బుక్కు తెరిచాడు. బట్టతల, డిటెక్టివ్ కంటే పదేళ్లు పెద్ద. అయినా ఆవిడ నోరు విప్పితే చాలు, చెవులు రిక్కించేస్తాడు.

ద్రవంలో అణువులు ఎంత జోరుగా గిరగిరా తిరుగుతాయన్నది ఆ అమ్మాయి పరిశోధన. ద్రవమున్న గాజు ట్యూబును ఎన్ఎంఆర్ యంత్రపు అయస్కాంతంలో పెట్టి, అణువుల్లోని కేంద్రకాలను ఒక్కసారి కదిలిస్తారు. అవి మళ్లీ కుదుటపడటానికి ఎక్కువసేపు పడితే అణువులు జోరుగా తిరుగుతున్నట్టు. కానీ లోపల గాలి ఉంటే అందులోని ఆక్సిజన్ ఆ కాలాన్ని తగ్గించేసి లెక్కంతా పాడుచేస్తుంది. అందుకే పంపుతో గాలి లాగేస్తూ, ట్యూబు కొనను మంటలో కరిగించి మూసేస్తారు. ఆమె ఏడో ట్యూబు మొదట తొమ్మిది సెకన్లు చూపింది. నెల తిరిగాక ప్రొఫెసర్ ఎదుట మూడే చూపింది.

"గాలి చొరబడిందని మొత్తుకున్నాను. ట్యూబును గాజు పనాయన చేత పరీక్ష చేయించారు. చిల్లే లేదన్నాడు."

"ఆయన మాట అంత గట్టిదా?"

"ముప్పై ఏళ్లుగా ట్యూబులన్నీ మూసేది ఆయనే. పైగా... ఆయన మా నాన్న."

"ఆయన చేతులు బాగానే ఉన్నాయా?"

ఆమె చూపు తిప్పేసుకుంది. "బాగానే ఉన్నాయి."

కన్నకూతురి కోసమైనా అబద్ధమాడలేదే, ఏం మనిషి అనుకున్నాడు అసిస్టెంటు. 'నిజాయితీపరుడు' అని రాసుకుని కింద గీత కూడా గీశాడు.

మర్నాడు పొద్దున్నే ల్యాబులో డిటెక్టివ్ అతని చేతికి భూతద్దం ఇచ్చింది. స్టాండులో పన్నెండు ట్యూబులున్నాయి.

"పదకొండు ట్యూబుల కొనలు లోపలికి కుంగి ఉన్నాయి మేడమ్. ఏడోది మాత్రం పూసలా గుండ్రంగా, ముద్దుగా ఉంది."

"ముద్దుగానా! బాగుంది." ఆవిడ ప్రొఫెసర్ వైపు తిరిగింది. "పరీక్ష ఎక్కడ జరిగింది?"

"ఆయన గదిలో. గంట పట్టింది."

"అక్కడ పంపు ఉందా?"

"లేదు. బర్నర్ ఒక్కటే."

పదింటికి ప్రొఫెసర్‌నీ తండ్రీకూతుళ్లనీ ఆవిడ అక్కడే నిలబెట్టింది.

"లోపల గాలి లేకుండా మూస్తే కరిగిన గాజు లోపలికి కుంగుతుంది. గాలి ఉంటే ఆ వేడికి ఉబ్బి పైకి పొంగుతుంది. ఏడో ట్యూబు పొంగింది. అంటే గాలి దూరాక ఎవరో దాన్ని మళ్లీ కరిగించారు. పెద్దాయనా, చిల్లు మీకు కనబడింది. పంపు దగ్గరికి తెస్తే అందరూ చూస్తారని గదిలోనే పూడ్చేశారు. గాలి లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత చిల్లే లేదన్నారు. కన్నతండ్రే అన్నాక ఇంకెవరు అనుమానిస్తారు?"

గాజు పనాయన తల ఎత్తలేదు. "ముప్పై ఏళ్లలో నా ట్యూబు ఒక్కటీ చెడలేదమ్మా. అది చిన్నపిల్ల, ఎక్కడైనా బతికేస్తుంది అనుకున్నా."

అసిస్టెంటుకి ఒళ్లు మండిపోయింది. నోట్‌బుక్కులో 'నిజాయితీపరుడు' అన్న మాట కొట్టేశాడు. కాగితం చిరిగింది.

"నిన్న అన్నం దగ్గర, తప్పు ఒప్పేసుకో తల్లీ, మనసు తేలికపడుతుంది అన్నావు కదా నాన్నా," అంది కూతురు. కంట్లో చుక్క నీరు లేదు.

ప్రొఫెసర్ ఇబ్బందిగా దగ్గాడు. "కమిటీని ఆపేస్తానమ్మా. దీన్ని తెరిచి, గాలి లాగి, మళ్లీ కొలుద్దాం."

అలవాటు కొద్దీ గాజు పనాయన బర్నర్ అందుకోబోయాడు. కూతురు దాన్ని తన వైపు లాక్కుంది.

"బయటివాళ్లని పిలిపించండి సార్. ఏడాదిగా మా నాన్నకి చేతులు వణుకుతున్నాయి. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. దొంగ అన్నప్పుడు కూడా చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను."

అందరూ ఆయన చేతుల వైపే చూశారు. ఆయన వాటిని వెనక్కి దాచుకున్నాడు.