బార్నీ తోకకు ఎర్ర రిబ్బను

"మెడ విరిగితే ఎవరు చూస్తారే నిన్ను?" అన్నాను.

నెస్సా తలెత్తలేదు. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి బూట్లకు పాలిష్ పెడుతోంది. "ఎవరి మెడమ్మా? నాదా, బార్నీదా?" అంది.

"నవ్వు. రేపు ఆస్పత్రిలో కూడా ఇలాగే నవ్వుదువుగాని."

నా మాట తీరే అంత. మా ఆయన కాన్ బతికున్నన్నాళ్ళూ ఆయన గుర్రం మీంచి పడతారేమోనని భయపడుతూనే బతికాను. ఆయన ఏ గుర్రం మీంచీ పడలేదు. మంచంలో, నిద్రలో పోయారు. అప్పటి నుంచి నా భయానికి ఒక చోటంటూ లేకుండా పోయింది. ఆయన చివరగా కొన్న గుర్రం బార్నీ. దాని మీద వేటకు వెళ్ళాలని ఆయనకు ఎంతో ఉండేది. ఆ కోరిక పిల్లకు అంటుకుంది.

మర్నాడే నక్కల వేట సీజను మొదలు, గుర్రాలెక్కి వేటకుక్కల వెనక పడి నక్కను తరిమే వేట. నెస్సాకు మొదటి వేట. ఆ ఏడు మా బాలిన్‌గోర్ట్‌లో వేట గొడవ తప్ప ఇంకో మాట లేదు. ఆపెయ్యాల్సిందేనని కొందరు, తాతల నాటి నుంచి వస్తున్నది ఆపడానికి మీరెవరని కొందరు. పొద్దున్నే రేడియో పెడితే ఎవరో ఒకరు అరుస్తూ ఉండేవారు. పబ్బులో ఆ వైపు వాళ్ళు ఆ మూల, ఈ వైపు వాళ్ళు ఈ మూల కూర్చునేవారు, మధ్య బల్ల ఖాళీ. మాంసం కొట్టాయన నన్ను సూటిగానే అడిగేశాడు, మీరు ఏ వైపమ్మా అని. సాసేజీల వైపు అని చెప్పి డబ్బులిచ్చి వచ్చేశాను.

నిజానికి నాకే తెలియదు. వసంతంలో నక్క వచ్చి నా కోళ్ళ తలలు కొరికి పెరడంతా పడేసి పోయింది. ఆ రోజు దొరికితే నా చేత్తోనే చంపేదాన్ని. వేసవిలో అదే నక్క పిల్లల్ని వెంటేసుకుని కంచె కింద నుంచి తొంగి చూస్తే రొట్టె ముక్క విసిరాను. ఇది ఏ వైపు కిందికి వస్తుందో మీరే చెప్పండి.

ఇక లోర్కన్ సంగతి. పక్క పొలం అబ్బాయి. వాళ్ళమ్మ పెగ్, నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. వేసవంతా అతను తన కింది పొలంలో నెస్సాకూ బార్నీకీ కందకాలు దూకడం నేర్పాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగేదాన్ని. గుర్రం దిగాక కూడా ఇద్దరూ గేటు దగ్గరే నిలబడిపోయేవారు. వాన మొదలైనా కదిలేవారు కాదు. నెస్సా మాట్లాడుతూనే ఉండేది, అతను వింటూనే ఉండేవాడు, బార్నీ అతని జేబులో ముక్కు దూర్చి పుదీనా బిళ్ళలు వెతుక్కునేది. లోర్కన్ మాటల మనిషి కాదు. వాన వస్తుందా అని అడిగితే తడిశాక చెబుతాడు. అయినా ఆ గేటు దగ్గర చూపులు చూసి, పెళ్ళికి చర్చిలో పువ్వులు ఎవరి చేత పెట్టించాలా అని నేను లోలోపల అనుకుంటూ ఉండేదాన్ని.

అక్టోబరులో అతను ఆ గేటుకే బోర్డు కట్టాడు. వేటకు లోపలికి దారి లేదు అని. కిందటి చలికాలం వేటకుక్కలు ఆ పొలానికి అడ్డంపడి పరిగెడితే చూలు గొర్రెలు బెదిరిపోయి, పిల్లలు చచ్చి పుట్టాయి. అతని బాధ అంతవరకే. కానీ ఊరు అంతటితో ఊరుకుంటుందా? వేట వాళ్ళు అతన్ని పలకరించడం మానేశారు. వేట వద్దనేవాళ్ళు భుజం తట్టి బ్యాడ్జీ ఇచ్చారు, వాళ్ళల్లో అందరికంటే ముందున్నది పెగ్. అతను ఆ బ్యాడ్జీ పెట్టుకోలేదు, పారెయ్యనూ లేదు.

బోర్డు కట్టిన సాయంత్రం నెస్సా వెళ్ళి ఒకే ఒక్క మాట అడిగిందట. "ఆ బోర్డు నాక్కూడానా?" అని.

అతను నోరు విప్పలేదు. నెస్సా కాసేపు నిలబడి, ఇంటికొచ్చి తలుపు ధడాలున వేసుకుంది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ పొలం గుండా వస్తే మా పెరటి తలుపు నాలుగు అడుగుల్లో ఉంటుంది. అయినా రోడ్డు చుట్టూ తిరిగే వచ్చేది పిల్ల.

అది చాలదన్నట్టు పెగ్ ఇంకో దిగులు మోసుకొచ్చింది. కొడుక్కి మతి చెడిందట. మోకాలెత్తు గడ్డి ఉన్న కింది పొలం వదిలేసి గొర్రెలన్నిటినీ పైనున్న రాళ్ళ పొలానికి తోలేశాడట. ఎందుకురా అంటే పలకడట. పొలం అమ్మేస్తాడేమోనే అన్నాను. నాకు తట్టేవన్నీ అలాంటివే. పెగ్ ఆ రాత్రంతా నిద్రపోలేదని తర్వాత తెలిసింది.

సరే, బూట్లు అయ్యాయి. నెస్సా ఒక పొడుగాటి తెల్ల గుడ్డ తెచ్చి ఇస్త్రీ చెయ్యమంది. మెడకు చుట్టుకోవాలట. ఇంత పొడుగెందుకే అని అడిగాను.

"పడి చెయ్యి విరిగితే ఇదే కట్టమ్మా. విప్పి కట్టేసుకోవడమే."

ఇస్త్రీపెట్టె నా చేతిలోనే ఆగిపోయింది. కట్టు ముందే మెడకు చుట్టుకుని వెళ్ళే ఆటకు నా ఒక్కగానొక్క పిల్లను పంపుతున్నాను.

కాన్ పాత డబ్బాలో బ్రష్షుల అడుగున ఎర్ర రిబ్బను ఒకటి కనిపించింది. అదేమిటని అడిగితే, నాన్న పాత ఆడగుర్రానిది అంది నెస్సా. అది తన్నేదట. తన్నే గుర్రం తోకకు ఎర్ర రిబ్బను కడితే ఎవరూ దాని దరిదాపులకు రారట. "మన బార్నీకి అక్కర్లేదులే, పిల్లి లాంటిది" అని డబ్బా మూసేసింది. తను మేడ మీదికి వెళ్ళాక నేను డబ్బా మళ్ళీ తెరిచాను.

తెల్లవారుజామున గుర్రపుశాలలో నేను బార్నీ జూలును చిన్న చిన్న జడలుగా అల్లి దారంతో కుడుతుంటే లోర్కన్ వచ్చాడు. గుడ్ మార్నింగ్ లేదు, ఏమీ లేదు. ఒక్కో కాలూ ఎత్తి నాడాలు చూశాడు. జీను పట్టీ లాగి చూసి ఇంకో రంధ్రం బిగించాడు. బార్నీకి బిళ్ళ ఒకటి పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడే దిగి వచ్చిన నెస్సాకు అతని వీపు మాత్రమే కనిపించింది.

"ఎందుకొచ్చాడు?"

"ఏమీ అనలేదే."

"ఎప్పుడన్నాడు గనక" అంటూ గుర్రమెక్కి, గడ్డం కింద టోపీ పట్టీ పెట్టుకుంటోంది. ఆ సందులో నేను వెనక్కి వెళ్ళి ఎర్ర రిబ్బను తోకకు కట్టేశాను. ఎవరూ దగ్గరికి రాకపోతే ఎవరూ గుద్దరు. అంతకు మించి నేను ఆలోచించలేదు.

వేట బయలుదేరే పబ్బు ముందు ఒక వైపు గుర్రాలు, ఒక వైపు వేట వద్దని రాసిన అట్టలు పట్టుకున్న జనం, మధ్యలో తడుస్తూ ఇద్దరు పోలీసులు. పెగ్ పట్టుకున్న అట్ట మీద అక్షరాలు వానకు కారిపోతున్నాయి.

"మీ అమ్మాయి కోటు బావుంది నోరీన్. వెళ్ళే పనే పాడు పని" అంది.

"నీ అట్ట సంగతి చూసుకో ముందు. ఏం వద్దంటున్నావో ఎవరికీ కనపడటం లేదు" అన్నాను. అని, తన ఫ్లాస్కులో టీ నేనే పోసుకున్నాను.

ఇంతలో వేటకు పెద్ద అయిన మిసెస్ హార్టిగన్ బార్నీ తోక వైపు చూసింది. "తన్నే గుర్రమా? అందరికంటే వెనక ఉండమ్మా" అంది. నెస్సా జీనులో మెలి తిరిగి తోక చూసుకుంది. మొహం ఎర్రబడింది. "పొద్దున లోర్కన్ వచ్చింది ఇందుకన్నమాట" అంది, నాకు వినిపించేటట్టుగానే.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కొమ్ము ఊదారు, కుక్కలు కదిలాయి, గుర్రాలు కదిలాయి.

పెగ్ వ్యానులో అడ్డదారిన వాళ్ళ పొలం దాకా వెళ్ళాం. లోర్కన్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వేట వాళ్ళు అతని వైపు చూడకుండా ఒక్కొక్కరే దాటిపోయారు. అందరికీ వెనక, ఎవరో వెలేసినట్టు, నెస్సా ఒక్కతీ వచ్చింది. లోర్కన్ రిబ్బను చూశాడు. ఆ గుర్రానికి వేసవంతా అన్నీ నేర్పినవాడు, అది తన్నదని అతనికి తెలియదా? నెస్సాను చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది. అతను ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"చూశావా" అంది పెగ్ నా చెవిలో. "నా కొడుకుని దగ్గరికి రావద్దని తోకకు కట్టి మరీ చెబుతోంది నీ కూతురు."

ఫ్లాస్కులో మిగిలిన టీ ఇద్దరికీ పోశాను. పోసేసరికి చెప్పే ధైర్యం పోయింది. మెడ గురించే చూసుకున్నాను గానీ, మెడ కిందుగా పిల్లకు గుండె కూడా ఉంటుందని ఆ క్షణాన తోచలేదు.

చీకటి పడుతోంది. గుర్రాలన్నీ ఇంటి దారి పట్టాయి, మా బార్నీ తప్ప. ఇక నా మనసుకు పగ్గాల్లేవు. కందకం, కట్టు, అంబులెన్సు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కాన్ కోటు తల మీద కప్పుకుని వానలో రోడ్డు వెంట బయల్దేరాను.

లోర్కన్ గేటు దగ్గర ఇద్దరూ కనిపించారు. నెస్సా ఇవతల, బార్నీ పగ్గం పట్టుకుని. గుర్రం నాడా ఒకటి ఊడిపోయి నడిపించుకుంటూ వస్తోంది. మనిషి నిండా బురద, మెడ మాత్రం నిటారుగానే ఉంది. లోర్కన్ గేటుకు అవతల. మధ్యలో బోర్డు.

"రిబ్బను ఎందుకు కట్టావు?" అంటోంది నెస్సా.

"నేనా?" అన్నాడతను. "నువ్వు కట్టుకుని నన్నడుగుతావా?"

"నేను కట్టాను" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే తిరిగి చూశారు. ఎవరూ గుద్దకుండా కట్టానని, నీ మెడ కోసమే కట్టానని, పొద్దుటి నుంచీ ఎన్నోసార్లు చెప్పబోయానని ఏదేదో అన్నాను. నెస్సా నుదురు బార్నీ మెడకు ఆనించుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి, తీరా చూస్తే నవ్వు.

"రోజంతా నా పక్కకు ఒక్క మనిషి రాలేదమ్మా. నక్క మాత్రం వచ్చింది."

వెనక ఒంటరిగా ఉండబట్టి, నక్క తన ముందు నుంచే రోడ్డు దాటిందట. పరుగు కూడా లేదట, నింపాదిగా నడిచిందట. నక్క కనిపిస్తే చెయ్యెత్తి కేక వెయ్యాలి, అది పద్ధతి. "నా చెయ్యి లేవలేదు లోర్కన్" అంది. "నీ పొలంలోకే వెళ్ళింది. కుక్కల్ని ఈ బోర్డు దగ్గరే వెనక్కి పిలిచేశారు. నాన్న అయితే కేక వేసేవాడు. నేను ఏ వైపో ఇప్పుడు నాకే తెలియడం లేదు."

బార్నీ కమ్మీల మధ్య నుంచి తల దూర్చి లోర్కన్ జేబు వెతకడం మొదలుపెట్టింది.

"సరే, మళ్ళీ అడుగుతున్నాను" అంది నెస్సా. "ఈ బోర్డు నాక్కూడానా? చెప్పు. కాదంటే కాదను, అవునంటే రోడ్డు చుట్టూ తిరిగి పోతాను, ఇంకెప్పుడూ అడగను."

వాన బోర్డు మీద టపటపా పడుతోంది. అతను నెస్సా వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు, బూట్ల వైపు చూసుకున్నాడు. అవునంటాడనుకున్నాను. ఏమీ అనకుండానే వెళ్ళిపోతాడనుకున్నాను. ఆ తడి బట్టల్లో పిల్లకు నిమోనియా వస్తుందనుకున్నాను. నెస్సా పగ్గం సర్దుకుని రోడ్డు వైపు తిరగబోయింది.

"గొర్రెలు బయటపడకుండా పైకి తోలేశాను కదా" అన్నాడు లోర్కన్, నేల చూస్తూనే. "నువ్వడిగిన రోజు నుంచీ ఈ గేటుకు గొళ్ళెం పెట్టలేదు నెస్సా. తోసి చూడు."