తల వాల్చని మూడు కుండీలు

తెల్లారి ఏడు కాకముందే మేడమీంచి కోడలి కేక వినబడింది. కింద మామగారు చదువుతున్న పేపరు గబుక్కున మడిచేశాడు.

"మామయ్యా! ముప్పై ఆరు బతికాయి! నలభైలో ముప్పై ఆరు!"

సంతోషంతో వేసిన కేకే. అయినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవాల్సిన అవసరం ఆయనకుంది.

కోడలు వరి మీద పరిశోధన చేస్తుంది. వాళ్ళ కేంద్రంలో మొక్కలు పెంచే గాజుపందిరి బాగుచేస్తున్నారని, నలభై రకాల నారు నలభై కుండీల్లో పెట్టి ఇంటి మేడమీదికి తెచ్చింది. పదహారు రోజులుగా వాటికి ఉప్పునీళ్ళే పోస్తోంది. సముద్రపు నీళ్ళెక్కి చవుడుబారిన పొలాల్లో ఏ రకం నిలబడుతుందో తేల్చాలి.

"ఉప్పును అదుపులో పెట్టే జన్యువులు అన్నిటికీ ఉంటాయి మామయ్యా. ఉప్పు తగలగానే కొన్నిటిలో చురుగ్గా పనిచేస్తాయి, కొన్నిటిలో ముసుగు తన్ని పడుకుంటాయి" అని మొదటిరోజే చెప్పింది.

"అంటే వాల్వు అందరికీ ఉంది, తిప్పేవాడే కరువు!" అన్నాడాయన. ముప్పై ఏళ్ళు వీధి వీధికీ మంచినీళ్ళు వదిలిన వాల్వుమేను మరి, ఆయనకి లోకమంతా పైపుల్లోంచే కనిపిస్తుంది.

కోడలు దిగివచ్చి లాప్‌టాప్ తెరిచింది. "ఇప్పుడే పెద్దసారుకి రిపోర్టు పంపేస్తాను. వచ్చే పంటకే రైతులకి విత్తనాలిస్తారట."

"పగలంతా మొక్కలకి కాపలా కాసింది మా నాన్నేగా. రిపోర్టులో ఆయన పేరు కూడా వెయ్యి" అన్నాడు కొడుకు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

మామగారి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. నోరు మూసుకుంటే కోడలు నలుగురిలో నవ్వులపాలవుతుంది. నోరు తెరిస్తే ఇన్నాళ్ళూ తన మీద పెట్టుకున్న నమ్మకం పోతుంది. రెండు గుక్కల నీళ్ళు తాగి, తెగించాడు.

"అమ్మాయ్, ఆ రిపోర్టు పంపకు. నువ్వు ఆఫీసుకెళ్ళాక వాటికి మంచినీళ్ళు పోశాను."

కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "మంచినీళ్ళా?"

"కొంచెమేనమ్మా. తలో చెంబుడు."

"ఎప్పట్నుంచి?"

"ఐదో రోజు నుంచి."

"మామయ్యా!" కోడలిగా వచ్చిన ఆరేళ్ళలో ఆ గొంతు అంత పైకి లేవడం ఆయన వినలేదు. "ఈ విత్తనాన్ని నమ్మి రైతులు చవుడు నేలలో చల్లుకుంటే? పైరంతా మాడిపోతే ఏ మొహం పెట్టుకుని వాళ్ళ ముందు నిలబడాలి?"

"పోనీలే, మొక్కలేగా" అన్నాడు కొడుకు. ఆమె చూసిన చూపుకి అతనికి ఉన్నట్టుండి బీరువాలో ఏదో పని గుర్తొచ్చింది.

"అలవాటమ్మా" అన్నాడు మామగారు తల దించుకుని. "ఏ వీధివాళ్ళు గోలపెడితే ఆ వీధికి ముందు వదిలేవాణ్ణి. మొక్క తల వాల్చేస్తే గోలపెట్టినట్టే అనిపించింది. మనసొప్పలేదు."

కోడలు చేతుల్లో మొహం దాచుకుంది. తర్వాత తలెత్తి నీరసంగా అంది. "నాదీ తప్పే. మట్టిలో ఉప్పు ఎంతుందో కొలవలేదు. పోనీ, ఏ కుండీకి పోశారో గుర్తుందా?"

"గుర్తెందుకు, గీతలున్నాయిగా! నీళ్ళు వదిలినప్పుడల్లా వాల్వు మూత మీద సుద్దగీత పెట్టేవాణ్ణి. కుండీలకీ అంతే. చెంబుకో గీత."

మామాకోడళ్ళిద్దరూ రెండేసి మెట్లు దాటుకుంటూ మేడెక్కారు. గోడవైపు తిరిగున్న కుండీలను ఒక్కొక్కటే తిప్పి చూశారు. నాలుగు గీతలు, ఏడు గీతలు, ఒకదానికైతే పదకొండు. గీత లేనివి మూడంటే మూడే దొరికాయి.

"వీటికి పొయ్యలేదా?"

"అవెప్పుడూ తల వాల్చలేదు తల్లీ. అందుకే అటు చూడనేలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారుగా."

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకి తీసింది. "అడగలేదని బాధ లేదనుకున్నారా? కింద చూడండి. ఉప్పునంతా ముసలి ఆకుల్లోకి నెట్టేసి, లేత ఆకును కాపాడుకున్నాయి."

ఆయన వంగి చూశాడు. పైన నిటారుగా, పచ్చగా ఉంది. అడుగున ఆకులు మాత్రం మాడి గోధుమరంగులోకి తిరిగాయి. తలెత్తి కోడలి మొహం చూశాడు. కళ్ళకింద నల్లటి వలయాలు. ఈ పిల్ల ఐదింటికి లేస్తుంది. వంట చేసి, కుండీలు చూసుకుని ఆఫీసుకెళ్తుంది, వచ్చి మళ్ళీ వంట చేస్తుంది. కూతురు ఫోన్లో నిట్టూరిస్తే చాలు, తను బస్సెక్కి పరిగెత్తేవాడు. చొక్కా కనబడకపోతే కొడుకు ఇల్లు పీకి పందిరేసేవాడు. కోడలు మాత్రం ఏనాడూ ఏమీ అడగలేదు. అడగలేదు గనక ఏమీ అక్కర్లేదనుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నీకేం కావాలమ్మా?"

"పదిహేను రోజుల గడువు. ఈ మూడింటినీ మళ్ళీ పరీక్షించాలి."

"అది మీ పెద్దసారునడుగు. నన్నేమడుగుతావో చెప్పు."

ఏదో సరదాగా అనబోయింది. అంతలోనే కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. "రేపు ఎనిమిదిదాకా నన్నెవరూ లేపకండి మామయ్యా."

"ఎనిమిదేంటి, తొమ్మిది!" అని ఆయన మెట్ల దగ్గరికెళ్ళి కేకేశాడు. "ఒరేయ్! రేపటి వంట మనిద్దరిదీ. మనింట్లో ఉప్పు ఎక్కడుంటుందో నీకేమైనా తెలుసా?"

కింద వంటింట్లోంచి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు వినబడింది. కోడలు కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.