ముంపు ఊళ్లో రెండు పొయ్యిలు

"సర్వే వాళ్లు వచ్చేశారే! రెండు పొయ్యిలూ ఆరకుండా చూడు!" భర్త యలమంద వసారాలోంచి అరిచిన అరుపుకి కోటేశ్వరి పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది.

రెండువేల ఆరు ఎండాకాలం అది. రిజర్వాయరు కింద ఊరు మునగడం ఖాయమైపోయింది. వేరే పొయ్యి ఉంటే వేరే కుటుంబమట, కుటుంబానికో ఇంటి స్థలమట! అంతే, వారం తిరక్కుండా ఊరంతా కొత్త పొయ్యిలు మొలిచాయి. సర్వే చేసే జక్రయ్య గారు అంతకంటే గడుసువారు. ప్రతి పొయ్యి అంచునా వేలు రాసి చూసి, మసి అంటనివన్నీ లెక్కలోంచి కొట్టేశారు.

ఈ ఇంట్లో మాత్రం రెండూ నికార్సైనవే! మూడేళ్ల క్రితం కోడలు తొడిమలు తీయకుండా మిరపకాయలు మర పట్టించిందని అత్తగారు రాఘవమ్మ పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుంది. అప్పటి నుంచీ మాటల్లేవు. అయినా అటునుంచి తాలింపు వాసన కాస్త ఆలస్యమైతే చాలు, కోటేశ్వరి ప్రాణం ఊరుకునేది కాదు. దడి సందులోంచి తొంగి చూసేది. మోకాళ్లు పట్టుకుని లేస్తున్న మనిషి కనబడితే గానీ తన పనిలో పడేది కాదు...

జక్రయ్య గారి వేలికి రెండుచోట్లా నల్లగా అంటింది. "రెండు స్థలాలు!" అన్నారు మెచ్చుకోలుగా.

"పక్కపక్కనే ఇస్తారాండీ?" కోటేశ్వరి అడిగింది.

"లాటరీ అమ్మా. ఒకటి మొదటి వీధిలో, ఒకటి చివర కాలువ దగ్గరా రావచ్చు."

కాలువ దగ్గరా! అక్కణ్ణుంచి తాలింపు వాసన తనదాకా ఎలా వస్తుంది?... కోటేశ్వరి కళ్లు నిండాయి.

"పెరట్లోది వంటపొయ్యి కాదండీ. నీళ్లు కాచుకునేది!"

"నీకేమన్నా పిచ్చా! బంగారంలాంటి స్థలమే!" యలమంద నెత్తి కొట్టుకున్నాడు.

"నా గోంగూర పప్పు ఉడుకుతుంటే నీళ్లంటావేంటే?" రాఘవమ్మ గయ్‌మంది. మూడేళ్లలో కోడలితో అన్న మొదటి మాట అది!

"ఎక్కడో చివరింట్లో మీరు పడిపోతే నాకెవరు చెబుతారు అత్తయ్యా?..." కోటేశ్వరి బావురుమంది.

జక్రయ్య గారు పెన్ను పట్టుకుని, ఏమవుతుందా అని నిలబడిపోయారు. రాఘవమ్మ కొంగుతో పప్పుకుండ దించి, కుంటుకుంటూ వచ్చి కోడలి పొయ్యి మీద పెట్టింది. మళ్లీ వెళ్లి చెంబెడు నీళ్లు తన పొయ్యిలో గుమ్మరించింది. బుస్సుమని పొగ లేచింది.

"ఒకటే రాసుకో నాయనా."

యలమంద అరుగు మీద కూలబడ్డాడు.

"ఏడ్చింది చాలు గానీ, ఉప్పు చూడవే," అంది రాఘవమ్మ, నెపం పొగ మీదికి నెట్టి కళ్లు తుడుచుకుంటూ.

కోటేశ్వరి చూసింది. ఉప్పు కషాయం!

"సరిగ్గా సరిపోయింది అత్తయ్యా," అంది. ప్రభుత్వం వారితో ఆడినదానితో కలిపి, ఆ పూటకది రెండో అబద్ధం.