శనివారం ఒక్కపొద్దు

దేవకమ్మ కుడికాలి బొటనవేలు తీసెయ్యక తప్పదన్నారు డాక్టరుగారు. ఎంత మామూలుగా అన్నారో ఆ మాట! చేతిలో కాగితం తిరగేస్తూ, "మూడు నెలల షుగరు ఎంత పైనుందో చూడండి. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదా? ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరా?" అని అడిగారు. తిరుపతి ఆసుపత్రి వరండాలో భుజాన లాప్‌టాప్ సంచీతో నిలబడ్డ ఆమె కూతురు కోమలికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. చదువుకున్నవాళ్ళు లేకేం... తిండి గురించి, అందులోనూ షుగరు ఉన్నవాళ్ళ తిండి గురించి పీహెచ్‌డీ చేస్తున్న పిల్లే ఎదురుగా నిలబడి ఉంది. ఆ సంచీలో ఉన్న పరిశోధన వ్యాసంలో, షుగరు తగ్గిన ఆడవాళ్ళ పట్టికలో, కన్నతల్లి లెక్క కూడా ఒక వరుసలో ఉంది. అందరికంటే బాగా తగ్గింది ఆ వరుసలోనే!

"అట్లా ఉండదు సార్. నెలనెలా ఆదివారం పొద్దున్నే, పరగడుపున, నేనే రక్తం తీసి చూశాను. ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది," అంది కోమలి.

"మీరు చూసింది ఆ ఒక్క పూట సంగతమ్మా. ఇది మూడు నెలల సంగతి," అని డాక్టరుగారు పక్క మంచానికి వెళ్ళిపోయారు.

కోమలి తండ్రి ఆదిమూలం గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పాకాల దగ్గర చిన్న ఊళ్ళో టమాటా తోట చేసుకునే మనిషి. కూతుర్ని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ పూట మాత్రం తలెత్తి కూతురి వంక సూటిగా చూశాడు.

"పాపా, ఒక మాట అడుగుతా. మీ యమ్మ కాళ్ళకి చెప్పులు లేక ఎన్నాళ్ళయిందో నువ్వు సూసినావా?"

కోమలి మంచం వైపు తిరిగింది.

"యాడ సూస్తావులే. ఇంటికొస్తే ఆ పెట్టె తెరిచి దాంట్లోనే మొగం పెట్టుకుంటివి. నీ పేపరు పోయేదాకా చెప్పులు తొడగనని మొక్కుకునింది మీ యమ్మ. తోటలో ఏం గుచ్చుకునిందో ఆమెకే తెల్దు. తిమ్మిరికాళ్ళు గదా, నొప్పి కూడా తెల్లేదంట. వాసన వస్తే నేను సూసినాను."

ఎన్ని ఆదివారాలు ఆ కాళ్ళు కోమలి ముందే తిరిగాయి! వంటింట్లోంచి తిన్నె మీదికి, తిన్నె మీంచి వీధిలోకి, "రాండమ్మే, మా పాప వచ్చింది, రక్తం ఇచ్చేసి పోదురు" అని ఇల్లిల్లూ పిలుచుకొస్తూ, ఆ కాళ్ళే కదా తిరిగింది. తను వేళ్ళకి సూది గుచ్చి, అంకెలు రాసుకుని, మధ్యాహ్నం బస్సెక్కేసేది. కాళ్ళ వంక ఒక్కసారి చూసిన పాపాన పోలేదు.

వేలు తీసేశారు. మత్తు వదిలాక దేవకమ్మ కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "పేపరు పొయ్యిందా పాపా?"

"ఇంకా లేదమ్మా... ఇయ్యాలో రేపో."

"త్వరగా పంపించెయ్యి తల్లీ. ఆస్పత్రోళ్ళు ఏందో మెత్తటి చెప్పులిచ్చినారు. తొడక్కుండా నేలమీద కాలు పెట్టగూడదంట. మొక్కు తీరకుండా నేనెట్ల తొడుక్కుంటాను చెప్పు," అని ఆ తల్లి నవ్వబోయింది. కోమలి మొహం పక్కకి తిప్పుకుంది.

పంపడానికి మిగిలిందేముంది కనక! వ్యాసం పూర్తయింది. యోగానంద సారు, అంటే కోమలి చేత పీహెచ్‌డీ చేయిస్తున్న ప్రొఫెసరుగారు, ఎర్రసిరాతో దిద్దిందల్లా దిద్దడమూ అయింది. పట్టికలు పత్రికవారు చెప్పిన కొలతల్లోకి వచ్చాయి, రెఫరెన్సులు సర్దుకున్నాయి, సంపాదకుడికి రాసే ఉత్తరం కూడా సిద్ధంగా ఉంది. ఒక ఊళ్ళో షుగరున్న ఆడవాళ్ళు రోజూ రాత్రి అన్నం మాని రాగిసంగటి తిన్నారు, పక్క ఊళ్ళో ఆడవాళ్ళు ఎప్పటిలాగే అన్నం తిన్నారు, సంగటి తిన్న ఊళ్ళోనే షుగరు బాగా తగ్గింది. చెప్పదలచింది అంతే. ఆ సంగటి తిన్న ఊరు కోమలి సొంత ఊరు. పేపరు ఈ నెలలో పోతేనే థీసిస్ పోతుంది, థీసిస్ పోతేనే చిత్తూరు కాలేజీలో లెక్చరరు పోస్టుకి ఇంటర్వ్యూకి పిలుస్తారు. మరి మూడు నెలల షుగరు ఎందుకు అట్లా పెరిగిందో... ఒక్క అమ్మ విషయంలోనే ఏదో పొరపాటు జరిగి ఉంటుందని కోమలి తనకు తాను సర్ది చెప్పుకుంది. మనసు ఒప్పుకోలేదు.

శనివారం పొద్దున పక్కింటి తిరుమలమ్మ టిఫిన్ క్యారియరు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. దేవకమ్మ మంచం పక్కన కూర్చుని కాసేపు కళ్ళు తుడుచుకుంది. పాపం, పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చిన మనిషి కదా అని కోమలి కిందికి వెళ్ళి ఇడ్లీ, కాఫీ తెచ్చి ఇవ్వబోయింది.

"నాకొద్దమ్మా, ఇయ్యాల శనివారం గదా. ఒక్కపొద్దు."

"నువ్వెప్పట్నించి ఉంటా ఉండావత్తా? ముందు లేదే."

"నీ పేపరు పనికని నువ్వు మొదటిసారి రక్తం తీసుకుపోయినప్పట్నించి," అని తిరుమలమ్మ ఎంతో ఇష్టంగా చెప్పుకొచ్చింది. "నేనొకదాన్నే కాదు పాపా, వీధి వీధంతా! మీ యమ్మే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మా పాప పని ఒడ్డున పడాల, ఏడుకొండలవాడికి శనివారం శనివారం ఒక్కపొద్దు ఉందాము రాండే అనింది. మన ఊరి బిడ్డ పెద్ద చదువు చదువుతా ఉంటే మేం ఆ మాత్రం చెయ్యలేమా? పొద్దస్తమానం మంచినీళ్ళు, రాత్రికి రవంత పాలు, అంతే. పచ్చి గంగ ముట్టుకోకుండా ఉండేవాళ్ళు కూడా ఉండారు. మరుసటి పొద్దున నువ్వొచ్చి రక్తం తీసుకుంటివి."

కోమలి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"శనివారం సంగటి తినరా మీరు?"

"ఒక్కపొద్దునాడు సంగటి ఎట్ల తింటాం పాపా? మిగతా రోజుల్లో ఒక్కోసారి తింటాం, ఒక్కోసారి మరిచిపోతాం. అయినా నీ చేతి మహిమ, షుగరు తగ్గిందని నువ్వు చెప్పినాక మాలో కొందరం మాత్రలు కూడా ఆపేసినాం. మీ యమ్మ కూడా. మా పాప సంగటి ఉండగా మాత్రలెందుకని అనింది."

మంచం మీద దేవకమ్మ కళ్ళు మూసుకుని నిద్రపోతోంది. కోమలికి లెక్క అప్పుడు తేలింది. అయ్యో దేవుడా! తగ్గించింది సంగటి కాదు. శనివారమంతా కడుపు మాడ్చుకుంటే ఆదివారం పొద్దున అంకె తగ్గక ఏంచేస్తుంది? పక్క ఊరివాళ్ళకి ఈ మొక్కు లేదు, అందుకే అక్కడ తగ్గలేదు. తన పని గట్టెక్కాలని పట్టిన ఉపవాసమే తన పనిని నిలువునా ముంచేసింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. తను అడగలేదు, అంతే! సెలవు దొరికే రోజని ఆదివారాన్ని ఎంచుకుంది కానీ, ముందురోజు శనివారమనీ, ఆ ఊళ్ళో శనివారం అంటే ఏమిటో పుట్టి పెరిగిన తనకి తెలిసి ఉండాల్సిందనీ తట్టలేదు. ఆమె ఆ వరండాలోనే ఒక మూలకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తిరుమలమ్మని మళ్ళీ బస్సెక్కించే ముందు కోమలి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అత్తా, పోయినంక అందరికీ చెప్పు. మాత్రలు ఎవురూ ఆపొద్దు. నేను చెప్పింది తప్పు." తిరుమలమ్మకి సగం అర్థమై సగం అర్థం కాక, సరేనని తలూపి వెళ్ళిపోయింది.

సోమవారం యోగానంద సారు గదిలో కోమలి అంతా చెప్పింది. ఆయన ఎర్రసిరా కలం మూసి పక్కన పెట్టారు. చెడ్డవారని ఎలా అంటాం? నాలుగేళ్ళుగా ఆ పిల్లకి ఏ కష్టమొచ్చినా అడ్డంపడి ఆదుకున్న మనిషే.

"నువ్వు అంకెలు మార్చలేదు కదమ్మా. ఉన్నవే రాశావు. ఉపవాసాల మాట ఎవరు అడుగుతారు? పంపించెయ్యి. ఇప్పుడు ఆగితే ఈ ఏడు నీ థీసిస్ లేదు, ఆ పోస్టూ లేదు."

"ఇది చదివి ఇంకొకరు మాత్రలు ఆపేస్తే సార్? మా అమ్మ ఆపేసింది. వేలు పోయింది."

సారు దిద్దిన కాగితాలు ఆమె వైపు జరిపి, "నీ ఇష్టం. ఉపవాసం సంగతి రాసి పంపేట్టయితే మాత్రం నా పేరు తీసెయ్యి. మొదట్లోనే ఎందుకు చూసుకోలేదని నన్నే అడుగుతారు," అన్నారు. కోమలి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

ఇక ఇంటి దగ్గర చూడండి ఆమె అవస్థ! దేవకమ్మని ఇంటికి తీసుకొచ్చారు. కట్టు కట్టిన కాలు, మంచం కింద కొత్త చెప్పులు. వాటిని ఆమె తొడగదు. స్నానాలగదికి పోవాలన్నా వట్టికాళ్ళతోనే, గోడ పట్టుకుని... కట్టు మీద ఎర్రగా చెమ్మ కనబడింది. ఇంకో పుండు పడితే పాదమే పోతుందని డాక్టరు చెప్పి పంపారు. పేపరు పంపితే అబద్ధం. పంపకపోతే అమ్మ కాలు! ఏ ఆడపిల్లకీ రాకూడదమ్మా ఇలాంటి పరీక్ష.

"పొయ్యిందని చెప్పేస్తే పోలా?" అన్నాడు ఆదిమూలం పెరట్లోకి పిలిచి. "ఆమెకేం తెలుస్తుంది. కాలన్నా మిగులుతాది."

కోమలి లోపలికి నడిచింది. చెప్పేద్దామనే నడిచింది. మంచం మీద కూర్చున్న తల్లి ఆశగా తలెత్తి చూసింది. ఆ మొహం చూశాక కోమలికి అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇదివరకు ఒకసారి తగ్గిందని చెప్పింది, అమ్మ నమ్మింది. ఆ నమ్మకమే వేలిని తినేసింది. మళ్ళీ ఇంకొకటా? నేలమీద కూర్చుని, తల్లి మోకాలికి తల ఆనించి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. శనివారాలు, ఆదివారాలు, మాత్రలు, సారు మాట... ఏదీ దాచలేదు.

దేవకమ్మకి వెంటనే కళ్ళలో నీళ్ళు రాలేదు. కట్టు కట్టిన కాలి వంక చూసుకుని, "అయితే నా మొక్కే నీ నోట్లో మన్ను కొట్టిందా పాపా? ఆడ బువ్వ తినకుండా, ఈడ చెప్పులు తొడక్కుండా... నా చేతులారా నేనే..." అంది. ఆ తరువాత ఆపుకోలేక భోరుమంది. కూతురి తలని రెండు చేతుల్తో పొదువుకుని, "నేను చదువులేని మొద్దుదాన్ని తల్లీ, నాకేం తెల్సు," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీ తప్పు కాదమా. ఒక్కనాడన్నా నిన్న ఏం తిన్నారని మిమ్మల్ని నేను అడిగినానా? సూది గుచ్చడమే నాకు తెలిసింది. ఆ మాట అడిగుంటే అంతా మొదట్లోనే తెలిసిపోయేది. నీ వేలూ ఉండేది."

ఇద్దరూ ఏడ్చారు. పెరట్లో ఆదిమూలం నీళ్ళ బిందె పట్టుకుని లోపలికి రాలేక అక్కడే నిలబడ్డాడు.

ఆ వారం కోమలి ఊరు కదల్లేదు. తల్లిని నేలమీద కాలు పెట్టనివ్వకుండా, పగలల్లా ఆమె మంచం పక్కనే కూర్చుని వ్యాసాన్ని మొదటినుంచి మళ్ళీ రాసింది. శీర్షిక మార్చింది. సంగటి వల్ల తగ్గిందన్న మాట కొట్టేసింది. యోగానంద సారు పేరు తీసేటప్పుడు మాత్రం చెయ్యి కాసేపు ఆడలేదు. వీధిలో ఒక్కొక్కరినీ పిలిచి, అడిగి, శనివారాల సంగతి రాసుకుంది. పెద్ద పత్రిక దీన్ని తీసుకోదని తెలుసు. అందుకే ఒక చిన్న పత్రికని వెతికింది. వాళ్ళయినా వేస్తారో లేదో ఎవరు చెప్పగలరు? చిత్తూరు కాలేజీ ఇంటర్వ్యూ తేదీ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

పంపే ముందు దేవకమ్మ, "మా గురించి ఏం రాసినావో రవంత సదువు," అంది.

కోమలి తెలుగులో చెప్పింది. "ఈ ఊరి స్త్రీలు ఈ పరిశోధన సఫలం కావాలని కోరి ప్రతి శనివారం ఉపవాసం ఉన్నారు. పరిశోధకురాలు ఆ సంగతి అడిగి తెలుసుకోలేదు. కనుక షుగరు తగ్గడానికి సంగటి కారణమని చెప్పడానికి లేదు. రోగులెవరూ దీన్ని నమ్మి మందులు ఆపరాదు."

"నా కాలి సంగతి?"

"అది రాయలేదమా."

"మంచి పని చేసినావు," అంది దేవకమ్మ చిన్నగా. "అది మన ఇంటి సంగతి."

కోమలి మీట నొక్కింది. వ్యాసం అందిందని తెరమీద ఒక మాట వచ్చింది. అచ్చవుతుందా లేదా అని తల్లి అడగలేదు. పోయేదాకా అనే కదా మొక్కుకుంది! మెల్లిగా కట్టుకాలిని మంచం మీంచి కిందికి దించి, కూతురి ముందు చాపింది. కోమలి కొత్త చెప్పు తీసి తొడిగింది. బొటనవేలు లేనిచోట పట్టీ నిలవలేదు, జారిపోయింది. విప్పి, వెనక్కి లాగి, బిగించి కట్టింది. కళ్ళనీళ్ళు ఆ పాదం మీదే రాలాయి. దేవకమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

కొంచెం తేరుకున్నాక కోమలి సంచీలోంచి సూదీ, రక్తం చూసే మిషనూ తీసింది. తల్లి అలవాటు ప్రకారం వేలు చాపింది. కోమలి ఆ వేలు పట్టుకుందే కానీ సూది గుచ్చలేదు.

"నిన్న ఏం తిన్నావమా?"

దేవకమ్మ కూతురి వంక చూసింది. ఎన్నడూ ఎవరూ అడగని ప్రశ్న అది.

"నిన్ననా... పొద్దున రెండిడ్లీలు. మజ్జానం సంగటి, పప్పు. సాయంత్రం తిరుమలమ్మ మనవడికి మొక్కు తీరిందని చక్కెర పొంగలి తెచ్చిచ్చింది. రవంత తిన్నాను," అని, మళ్ళీ తప్పుచేసిన పిల్లలా, "రవంత కాదు. గిన్నెడూ తినేసినా. అదీ రాస్తావా?" అంది.

"రాస్తానమా," అంది కోమలి. "మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నా."

అప్పుడు సూది గుచ్చింది.