గోగునార ప్రశ్న

"ఇది నువ్వు దిద్దిందేనా బావా?"

పద్మకుమారి ఒక జవాబుపత్రాన్ని బల్లమీద పెట్టి అడిగింది. కాలేజీలో ఎప్పుడూ సార్ అనే మనిషి బావా అందంటే సంగతి ముదిరిందని నారాయణమూర్తికి అర్థమైంది.

ఆమె అతని మేనత్త కూతురు. విజయనగరంలో అతను బోటనీ చెప్పే కాలేజీలోనే, అరవై ఎనిమిది జూలైలో డిమాన్‌స్ట్రేటరుగా చేరింది. పెద్దవాళ్లు ఇద్దరికీ పెళ్లి అనుకున్నారు. అతనికి ఎప్పటినుంచో ఇష్టమే. ఆమె మాత్రం కార్తీకం వెళ్లాక చెబుతానంది. మేనరికం ఒక్కటే చాలదు, మనిషిని కూడా చూసుకోవాలి కదా అని నవ్వింది.

ఆమె మెప్పు కోసమే అతను కొత్తరకం పరీక్ష పెట్టాడు. కణాన్ని నిర్వచించమంటే బట్టీ పట్టింది రాస్తారు, ఒక సమస్య ఇస్తేనే అర్థమైందో లేదో తెలుస్తుందని వేసవిలో వాల్తేరులో జరిగిన లెక్చరర్ల శిక్షణలో విన్నాడు. అందుకని పి.యు.సి. పిల్లలకు ఇలా ఇచ్చాడు: గోగుకట్టలను నీళ్లలో ఊరబెడితే బెరడులో మెత్తటి భాగం కుళ్లిపోతుంది, నార మాత్రం ఎన్నాళ్లున్నా కుళ్లదు. కణాల నిర్మాణాన్ని బట్టి కారణం చెప్పండి.

గజపతినగరం వైపు నుంచి వచ్చే తాయారు, నార కూడా కుళ్లుతుందని మొదటి వాక్యం రాసింది. అతను అక్కడే సున్నా చుట్టాడు. పైగా ఆ వాక్యాన్ని క్లాసులో చదివి, ప్రశ్నకే ఎదురు చెప్పే విద్యార్థిని దొరికిందన్నాడు. అందరూ నవ్వారు. రెండు రోజులుగా తాయారు రావడం లేదు.

"నార కుళ్లదని నీకెవరు సెప్పారు?" అంది పద్మకుమారి.

పుస్తకంలో ఉందన్నాడు. ఏ పుస్తకమో మాత్రం చెప్పలేకపోయాడు. ఆమె వాదించలేదు. ఆదివారం మా ఊరు రమ్మని వెళ్లిపోయింది.

ఆదివారం అతను వాళ్ల ఊరి చెరువులో పంచె ఎగగట్టి మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాడు. కోర్టు గుమస్తా కొడుకు, పొలం పనులు ఎరగడు. ఆ కుళ్లు వాసనకు ముక్కు మూసుకున్నాడు. పద్మకుమారి తండ్రి గంగులు కట్టలు తీసి నార ఒలుస్తున్నాడు. గంగులుకి జ్వరం వచ్చి పదిహేను రోజులు ఆలస్యంగా తీసిన కట్ట ఒకటి పక్కన పడి ఉంది. నారాయణమూర్తి అందులోంచి ఒక పోగు లాగాడు. తడిసిన కాగితంలా తెగిపోయింది.

ఇదేమిటి మావయ్యా అని అడిగాడు.

"కుళ్లిపోనాదిరా అల్లుడూ. రోజులు దాటితే నారేటి, ఏదైనా కుళ్లిపోతాది. ఇంత సదువు సదివేవు, ఇది తెల్దా?"

గంగులు ఎగతాళికి అనలేదు. అందుకే మరీ కష్టంగా ఉంది. నారాయణమూర్తి చెవులు వేడెక్కాయి. గట్టుమీద నిలబడ్డ పద్మకుమారి నవ్వి ఉంటే బాగుండేది. ఆమె మొహం తిప్పుకుంది.

ఇంటికి వచ్చి తాయారు జవాబు మొత్తం చదివాడు. అప్పటిదాకా చదవనే లేదు. మెత్తటి కణాల కవచం పలచన, ముందు అవి పోతాయి. నార కణాల కవచం దళసరి, అవి ఆలస్యంగా పోతాయి. ఆ మధ్య రోజుల్లోనే కట్ట తీయాలి. ఇంత చక్కగా తన పాఠంలో తానే చెప్పలేదు.

సోమవారం తాయారు వచ్చింది. హాజరు పోతుందని వాళ్లమ్మ పంపిందట. వెనక బెంచీలో తలవంచుకుని కూర్చుంది. నారాయణమూర్తి బోర్డు దగ్గర నిలబడ్డాడు.

"ప్రశ్న తప్పు. తెలియనిది తెలిసినట్టు రాశాను. ఈ అమ్మాయి జవాబు ఒక్క వాక్యం చదివి మిమ్మల్ని నవ్వించాను. మిగిలింది చదవలేదు."

ఎవరూ నవ్వలేదు. వచ్చి చదవమని తాయారుకి పత్రం చాపాడు.

తాయారు కదలలేదు. "మీరే సదవండి సార్."

చదివాడు. ఈసారి చివరిదాకా. ఆమెకు పూర్తి మార్కులు వేశాడు.

వరండాలో పద్మకుమారి నిలబడి ఉంది. అంతా విన్నదని తెలిసిపోయింది.

"పెళ్లి సంగతి నేనింక అడగను. అడిగే మొహం లేదు" అన్నాడు.

"నువ్వడగకపోతే నేను సెప్పకూడదా? నిన్న గట్టుమీద కాదనేద్దామనే అనుకున్నాను బావా. ఇప్పుడు నువ్వా నాలుగు ముక్కలూ సదూతుంటే మనసు మారిపోనాది. ఒప్పుకున్నానని అమ్మకి ఉత్తరం రాసేస్తాను."

అతను నేలవైపే చూస్తున్నాడు.

"తలెత్తు. పిల్లలు సూస్తన్నారు."

ఎత్తలేకపోయాడు. ఆమె అతని చేతిలోని పత్రాల కట్ట తీసుకుని, పక్కనే నెమ్మదిగా నడిచింది.