లిఫ్టు నుంచి తెచ్చిన పెట్టె

కుట్టుమిషన్లు బాగుచేసే అక్కకి మట్టిబొమ్మలంటే పిచ్చి. వాటిని కాల్చుకోడానికి పెరటి గదిలో చిన్న కరెంటు బట్టీ కట్టుకుంది. వేడి మితిమీరితే దానంతటదే ఆగిపోయేలా ఒక కంట్రోలు పెట్టె కూడా తన చేత్తోనే చేసుకోవాలని ముచ్చటపడింది.

"బజార్లో దొరికేదానికి ఇంత తిప్పలెందుకే అక్కా?" అని వెక్కిరించాడు తమ్ముడు. వెక్కిరిస్తూనే పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి ఒక రేకు పెట్టె భుజానేసుకొచ్చాడు. పడగొట్టేసిన ఏదో మేడలో లిఫ్టుదట. "బావకన్నా బరువుంది" అని గుమ్మంలోనే దించాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. రేకుల మీద వాన మోత. గదంతా తడిమట్టి వాసన. పెట్టెలోంచి మాత్రం ఇంకేదో వాసన... ఎన్నాళ్లో తలుపులు మూసేసిన గదిలో పట్టిన చెమట లాంటిది. సబ్బుతో ఎంత తోమినా పోలేదు.

స్విచ్చిలూ దీపాలూ బిగించి ఒకసారి కరెంటిచ్చి చూశారు. పచ్చదీపం వెలిగింది. అక్క చప్పట్లు కొట్టింది. అడుగున ఒక నట్టు వదులుగా ఉందని ప్లగ్గు పీకేసి, తమ్ముడు వైర్ల కోసం చేసిన కన్నంలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు.

"అక్కా..."

వాడి మొహం పాలిపోయింది. చెయ్యి రావడం లేదు.

"షాకా?" ప్లగ్గు నేలమీదే పడుంది. అయినా పరిగెత్తి మెయిన్ దించేసింది. ఎండుకర్రతో మోచేతి మీద కొట్టింది. వైర్లన్నీ కత్తిరించి పారేసింది.

రాలేదు.

"కరెంటు కాదే..." గుసగుసగా అన్నాడు. "ఎవరో పట్టుకున్నారు."

గబగబా మూత ఊడదీసింది. లోపల తమ్ముడి చెయ్యి తప్ప ఏమీ లేదు. కానీ ఆ చేతి మీద చర్మం నాలుగుచోట్ల లోపలికి నొక్కుకుపోతోంది. గోళ్లు నీలిరంగుకి తిరుగుతున్నాయి.

"లాగు... నరికెయ్యి... ఏదో ఒకటి చెయ్యవే!" ఏడుస్తున్నాడు వాడు.

నడుం పట్టుకు లాగింది. మణికట్టు పుటుక్కుమంది. కేకలేసింది. వానలో ఎవరికీ వినపడలేదు. ఇక గత్యంతరం లేక తన చెయ్యి కూడా లోపల పెట్టింది.

తగిలాయి.

కంటికి కనపడని వేళ్లు. చల్లగా. మరీ చిన్నవి. కసిగా కాదు... పడిపోతామని భయపడ్డవాళ్లు పట్టుకున్నట్టు పట్టుకున్నాయి.

ఆగిపోయిన లిఫ్టు, మూసుకుపోయిన తలుపులు అక్క కళ్లముందు మెదిలాయి.

"భయపడకు కన్నా... తలుపు తీశాను. వచ్చెయ్..."

పట్టు సడలింది. తమ్ముడు వెల్లకిలా పడ్డాడు.

డాక్టరు మణికట్టుకి కట్టు కట్టాడు. పెట్టెని అక్క బండరాయి మీద పెట్టి సుత్తితో ముక్కలు చేసింది. ఎముక అతుక్కుంది. తమ్ముడు మళ్లీ పనికి వెళ్తున్నాడు.

ఆ చేతి వేళ్లు మాత్రం పూర్తిగా ముడుచుకోవు. గుప్పిట్లో కాస్త ఖాళీ ఉండిపోతుంది. వీధిలో ఎవరైనా ఆ పక్కగా దాటబోతే తమ్ముడు చటుక్కున అడ్డం నిలబడతాడు.

నిన్న అక్క వెనకాలే నడుస్తూ గమనించింది. రోడ్డు దాటేముందు వాడు ఆగాడు. ఆ చేతివైపు తల వంచి చూశాడు. తర్వాత మెల్లగా, చిన్నచిన్న అడుగులేస్తూ దాటాడు.