తుక్కు దొడ్డిలో విమానం ముక్కు

రండర్రా, ఇటు రండి. అరుగంతా వానకు తడిసింది, చాప మీదికి జరగండి. చెంగ్‌హాన్, ఆ గోడవార నుంచి లేచి నా పక్కకొచ్చి కూర్చో. తర్వాత "భయమేసింది మాస్టారూ" అంటే నాకు సంబంధం లేదు. ఈలలు మాత్రం వేయకండి. అసలే ఏడో నెల, పోయినవాళ్ళు తిరిగొచ్చే నెల... ఎవరెవరు తిరుగుతుంటారో తెలుసుగా.

చెరుకు తోటలు దాటాక కో అక్క తుక్కు దొడ్డి ఉంది కదా. దాని చివర, గోడ కూలిన చోట, ఒక విమానం ముక్కు ఉండేది. పైలట్ కూర్చునే ముందు భాగం అన్నమాట. రెక్కలు, తోక, ఇంజను అన్నీ కోసి అమ్మేశారు. ముక్కు మాత్రం ఎవరూ కొనలేదు.

కొనకపోవడానికి కారణం ఉంది.

ఏడో నెలలో పొద్దుగూకాక, అటువైపు నుంచి చప్పుడొచ్చేది. టక్... టక్... టక్. ఎవరో తలుపు తట్టినట్టు. ఒకసారి లోపల చిన్న వెలుగు కూడా కనిపించిందట. అన్నిటికన్నా వింత ఏమిటంటే, దొడ్డి కుక్కలు అటు చూసి మొరిగేవి కావు. తోక ఊపేవి.

ఇది నాకు లాయ్ వెన్‌తొంగ్ తాత స్వయంగా చెప్పిన సంగతి. మన బడి మైకు బాగుచేస్తాడే, ఆయనే.

వయసులో ఉన్నప్పుడు ఆయన వైమానిక స్థావరంలో మెకానిక్కు. విమానంలో నేల ఎటుందో, ఆకాశం ఎటుందో చూపించే గుండ్రటి మీటరు ఒకటి ఉంటుంది. చీకట్లో పైలట్‌కు అదే కళ్ళు. దాని వెనక ఒక ప్లగ్గు. ప్లగ్గులో సన్నటి పిన్నులు, ఒక్కోటి గుండుసూదిలో సగం ఉంటుంది. ఒకరోజు సాయంత్రం అందులో ఒక పిన్ను వంగి కనిపించింది. వంగినదాన్ని పీకేసి కొత్తది వేయాలి, అది నియమం. కొత్తది స్టోరులో లేదు. పైనుంచి అధికారి తొందర. వెన్‌తొంగ్ చిన్న పటకారుతో పిన్నును పట్టి నిలబెట్టాడు. మీటరు పనిచేసింది. సంతకం పెట్టాడు.

ఆ రాత్రే ఆ విమానం చేపల చెరువుల్లో కూలింది. నడిపినవాడు ఫాంగ్ జియువాన్, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పోయాడు. విచారణ చేసి, "చీకట్లో పైలట్ మీటరు చూసుకోలేదు, పొరబడ్డాడు" అని రాసేశారు.

వెన్‌తొంగ్ నోరు విప్పలేదు. తను నిలబెట్టిన పిన్ను గాల్లో విరిగిందో లేదో ఆయనకూ తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే గడిచాయి.

అప్పుడొచ్చాడు తైనాన్ పట్నం నుంచి షెన్ అని ఒకాయన. పాత విమానాల సామాను ఏరితెచ్చి ఇంట్లోనే కాక్‌పిట్ కట్టుకుంటున్నాడు. ఏం చేస్తాం, ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి! అచ్చం అలాంటి మీటరే ఆయనకు మూడేళ్ళు వెతగ్గా దొరికింది. పార్సిల్లో వస్తూ వస్తూ ఒక పిన్ను విరిగితే, బాగుచేయమని వెన్‌తొంగ్‌కిచ్చాడు. అలాంటి పిన్నులు ఇప్పుడెవరూ చేయడం లేదు, ఇంకో ప్లగ్గులోంచి తీయాల్సిందే. ఊరంతా తిరిగి వెన్‌తొంగ్ కో అక్క దగ్గరికి చేరేసరికి చీకటి పడింది.

"ఉండాలి," అంది కో అక్క వక్క నములుతూ. "ఆ చివరి ముక్కులో చూసుకో. నేను మాత్రం రాను."

"దెయ్యమనా?"

"దెయ్యమో, ఎలుకో. నీకేం భయం అన్నా, జన్మంతా విమానాలు విప్పినోడివి."

"భయమని ఎవరన్నారు?"

"నువ్వనలేదులే. నీ చేతిలో టార్చి అంటోంది, చూడు ఎలా వణుకుతోందో!"

ఆయన ఒక్కడే వెళ్ళాడు. కాళ్ళ కింద నీళ్ళు చప్పుడవుతున్నాయి. ముక్కు దగ్గరయ్యాక టార్చి ఎత్తాడు... రంగు వెలిసిన రేకు మీద నెంబరు.

అదే నెంబరు.

వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. కానీ తెలుసుకోవాలంటే ఇదొక్కటే చోటు, ఇదొక్కటే రాత్రి. రేపు పగలైతే మళ్ళీ ధైర్యం పోతుంది.

ఎవరూ లేని గదిలోకి వెళ్ళేముందు మనం తలుపు తడతాం కదా, లోపల కంటికి కనబడనివాళ్ళుంటే పక్కకు జరగడానికి. ఆయన కూడా అలవాటుకొద్దీ రేకు మీద తట్టాడు.

టక్. టక్. టక్.

చెరుకాకుల మీద వాన చినుకులు...

లోపలి నుంచి — టక్... టక్... టక్.

వెన్‌తొంగ్ ఒకడుగు వెనక్కేశాడు.

"వచ్చావా?" గుసగుసగా ఒక గొంతు. "వచ్చావా నాయనా...? రా. తీసే ఉంది."

"ఎ... ఎవరు?"

లోపల ఏదో కదిలింది. తర్వాత అదే గొంతు, నీరసంగా —

"నువ్వు మా అ-యువాన్‌వి కాదు."

టార్చి వెలుగు లోపల పడింది. పైలట్ సీట్లో ఒక ముసలావిడ. ఒంటి మీద వానకోటు, ఒళ్ళో టిఫిన్ గిన్నె, పక్కన రేకు సందులో గుచ్చిన అగరుబత్తి.

"నేను దెయ్యాన్ని కాదులే బాబూ," అంది. "జియువాన్ వాళ్ళమ్మని. నువ్వు తడితే వాడే అనుకున్నా."

ఆయన టార్చి దించి, మెల్లగా ముక్కులోకి ఎక్కాడు.

"ఈ ముక్కు ఇక్కడికొచ్చినప్పటి నుంచి ఏటా ఈ నెలంతా వస్తున్నా. గోడ కూలింది కదా, అటునుంచి. తలుపు తట్టి, ఎక్కి, కాసేపు కూర్చుంటా. మిగిలింది కుక్కలకు పెట్టి పోతా."

"వాడికి పెట్టే కంచం ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదమ్మా..."

"పెట్టానయ్యా. ఎన్నేళ్ళు పెట్టానో! వాడు రాలేదు. విమానం పాడుచేశానని సిగ్గుపడుతున్నాడేమో. మొహం చూపించలేని పిల్లాడు ఇంటికెలా వస్తాడు? ఇక్కడే ఎక్కడో దాక్కుని ఉంటాడని..." ఆగింది. "నువ్వెవరు?"

"మెకానిక్కుని."

"అయితే నీకు తెలిసే ఉంటుంది. ఆకాశం చూపించే మీటరంటారు, అదేది? వాడు దాన్ని చూసుకోలేదనే కదా రాశారు."

వెన్‌తొంగ్ వేలు చూపించాడు. ఆ వేలు అక్కడే ఆగలేదు. మీటరు వెనక్కి పోయి, ప్లగ్గు పట్టుకుని, మెల్లగా తిప్పింది. తుప్పు పట్టిన మూత కిర్రుమంది... వదిలింది.

వెలుగు దగ్గరగా పెట్టాడు.

పదిహేడు పిన్నులు. పదహారు నిటారుగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. కూలిన దెబ్బకే అయితే పక్కవీ వంగి ఉండేవి. ఒక్కటి మాత్రం మొదలు దగ్గర విరిగి ఉంది. సరిగ్గా పటకారు పట్టిన చోట. పటకారు పళ్ళ గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి.

చీకటి. ఆమెవి ముసలి కళ్ళు. ప్లగ్గు మళ్ళీ బిగించేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు...

"ఏమైంది బాబూ?"

"అమ్మా," అన్నాడు. ఆ గొంతు తనది కాదనిపించిందట. "మీవాడు చూశాడమ్మా. మీటరే అబద్ధం చెప్పింది. ఈ పిన్ను మార్చాల్సింది. నేను మార్చలేదు. సంతకం నాది."

ప్లగ్గు వంచితే విరిగిన ముక్క జారి ఆమె అరచేతిలో పడింది. బియ్యపు గింజంత. ఆమె దాన్ని వేలితో అటూ ఇటూ కదిలించింది.

"ఇంతేనా?" అంది. మళ్ళీ, ఇంకా మెల్లగా... "ఇంతదేనా?"

తిట్టలేదు. ఏడవలేదు. ముక్కను గుప్పిట్లో మూసి, "రాసివ్వు," అంది.

"అమ్మా..."

"రాసివ్వు. నేను చెబితే వాడు నమ్మడు. అమ్మ కదా, వెనకేసుకొస్తోంది అనుకుంటాడు."

మెకానిక్కుల జేబులో ఎర్రచీటీలు ఉంటాయి. పాడైన సామానుకు కట్టి, ఏం పాడైందో, ఎవరు చూశారో రాసే చీటీలు. వెన్‌తొంగ్ రెండు తీశాడు. రెంటిమీదా ఒకటే రాశాడు: "వంగిన పిన్నును మార్చకుండా నిలబెట్టాను. గాల్లో విరిగింది. పైలట్ తప్పు లేదు. లాయ్ వెన్‌తొంగ్." రెండోది మర్నాడు తీసుకెళ్ళి స్థావరం ఆఫీసులో ఇచ్చాడు. వాళ్ళు "చూస్తాం" అన్నారు. ఆయన ఇప్పటికీ నెలనెలా వెళ్ళి అడుగుతూనే ఉన్నాడు.

మొదటిది ముసలావిడ తీసుకుంది. ఒక్కో మాటా పైకి చదివింది, ఎదుటివాళ్ళకు చదివి వినిపించినట్టు. పోయినవాళ్ళకు ఏదైనా పంపాలంటే కాల్చే కదా పంపుతాం, అగ్గిపుల్ల గీసి అంటించింది. ఎర్రకాగితం నల్లబడి, మడతపడి, బూడిదై పైకి లేచిపోయింది.

వెన్‌తొంగ్ ముందు దిగి చెయ్యిచ్చాడు. ఆమె పట్టుకోలేదు. తనంతట తనే దిగింది. దిగి, వెనక్కి తిరిగి, ఖాళీ సీటు వైపు చెయ్యి చాపింది.

"పద నాయనా, ఇంటికి పోదాం. మెల్లగా... మెట్టు జారుతోంది, చూసుకో."

పాత టైర్ల మీద నిలబెట్టిన ఆ ముక్కు...

ఒక్కసారి కిందికి వంగి, పైకి లేచింది. లోపలి నుంచి ఒక మనిషి బరువు దిగితే ఎలా ఊగుతుందో, అలా.

ఆమె చెరుకుతోట గట్టు మీద నడిచి వెళ్ళిపోయింది. చాపిన చెయ్యి దించకుండానే.

అంతే. ఆ తర్వాత ఆ ముక్కులో చప్పుడు ఎవరూ వినలేదు.

ఏమిట్రా? షెన్‌గారి మీటరా? ఆ ప్లగ్గులో పదహారున్నా ఒక్కటీ తీయకుండా, పిన్ను దొరకలేదని చెప్పి తిరిగిచ్చేశాడు. దిగిందెవరా? నాకేం తెలుసురా, నేనక్కడ లేను. ఇక లేవండి. గుంపుగా వెళ్ళండి, చిన్నవాళ్ళ చెయ్యి వదలకండి. ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతుంటాయి, పోయి తినండి.